ఒకే చెరువు చేపలే, కొర్రమీనులో పురుగులు ఉండి బొచ్చెలో ఎందుకు లేవు?

మీరు అడిగింది ఇది: ఊరి చెరువులో వల వేసిన రోజు తెచ్చుకున్న రెండు చేపల్లో కొర్రమీనును కోస్తే పేగుల చుట్టూ ఎర్రటి సన్నని పురుగులు చుట్టలు చుట్టుకొని కనిపించాయి, బొచ్చెలో ఒక్కటి కూడా లేదు. నీళ్లు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు, ఆ కొర్రమీనును తినవచ్చా? రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను, చేప ముక్కలు గిన్నెలో ఎదురు చూస్తూ ఉండవచ్చు: పురుగులు, పేగులు తీసేసి, బాగా కడిగి, లోపలి దాకా ఉడికిస్తే తినవచ్చు. మొదటి ప్రశ్నకు మాత్రం కొంచెం సమయం కావాలి, ఎందుకంటే అదే ప్రశ్న నా చేత ఒక సంవత్సరం పాటు చేపల పేగులు కడిగించింది.

నీళ్లు ఒకటే, విస్తళ్లు వేరు. చేపల లోపల ఉండే పురుగుల్లో చాలా భాగం నీళ్లలోంచి నేరుగా ఒంట్లోకి దూరవు. ఏదో ఒక చిన్న ప్రాణిలో దాక్కొని, ఆ ప్రాణిని చేప మింగినప్పుడు దానితో పాటు లోపలికి వెళతాయి. అందుకే ఏ చేపలో ఏ పురుగు ఉంటుందనేది అది ఏ చెరువులో ఈదిందనే దానికంటే ఏమి తిన్నదనే దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. చర్మంలోంచి దూరేవి, పైన అతుక్కొనేవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఎమ్మెస్సీ జువాలజీలో నా ప్రాజెక్టు మంచినీటి చేపల పరాన్నజీవుల మీద. చేపలు కొనడానికి డబ్బు లేదు, పేగులు మాత్రం ఉచితం. ఆదివారం తెల్లవారుజామునే చేపల మార్కెట్‌కు వెళ్లి, కత్తిపీట ముందు కూర్చొని చేపలు కోసే ఒక పెద్దమ్మ పక్కన చిన్న పీట వేసుకొని కూర్చునేదాన్ని. ఏ చేపో, ఎంత పొడవో రాసుకొని, దాని పేగులు వేరే కవరులో వేసి చీటీ కట్టేదాన్ని. మొదటి రోజు ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "అందరూ కండ అడుగుతారు, నువ్వు పేగులు అడుగుతావేమిటి అమ్మాయీ?" అంది. మూడో వారానికి ఆమే నాకు గురువైంది. వాలుగ పొట్ట చీల్చి, లోపలి తెల్లటి గాలితిత్తిని వేలితో పక్కకు జరిపి, "ఇది కోసి చూడు, లోపల జలగ ఉంటుంది" అంది. కోశాను. గాలి బుస్సుమని పోయింది. లోపలి గోడకు ముదురు ఎరుపు రంగులో, నా బొటనవేలి గోరుకంటే పెద్దదిగా, ఆకులా చదునుగా ఒకటి అంటుకొని ఉంది. మెల్లగా ముడుచుకొని మళ్లీ చాచుకుంది.

అది జలగ కాదు, ఐసోపారార్కిస్ అనే పత్రపురుగు (ఫ్లూక్). కానీ పుస్తకంలో దాని పేరు చదవని ఆమెకు అది ఎక్కడ ఉంటుందో, ఏ చేపలో ఉంటుందో కచ్చితంగా తెలుసు. ఆ పురుగు పెద్దదయ్యేది వాలుగలాంటి వేటాడే చేపల గాలితిత్తిలో. పిల్ల దశ చిన్న చేపల కండలో, కాలేయం మీద ఉంటుంది, అక్కడ దాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ ఏర్పడుతుంది. కొర్రమీను ముక్కల్లో అప్పుడప్పుడు కనిపించే నల్లటి చుక్కలను చూసి చేప కుళ్లిందనుకొని పారేసేవాళ్లున్నారు. వాటిలో కొన్ని ఇవే. వాలుగ రాత్రిపూట తిరిగే తిండిపోతు. నోట్లో పట్టినంత చేపను మింగుతుంది. ఊరి చేపలన్నిటిలో చెల్లాచెదురుగా ఉన్న పిల్ల పురుగులను ఒక్కచోటికి చేర్చే పని దాని ఆకలి చేస్తుంది.

ఇక నా తప్పు. రెండు నెలలు కష్టపడి పురుగులను లెక్కపెట్టి, సీసాల్లో పెట్టి, నోటుపుస్తకం మా మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి ఒకే మాట అడిగారు: "కడుపులో ఏమి ఉందో ఎక్కడ రాశావు?" రాయలేదు. పురుగులు స్పష్టంగా కనిపించడం కోసం కడుపులో ఉన్న తిండినంతా ముందే కుళాయి కింద కడిగేస్తూ వచ్చాను. అంటే ప్రశ్నకు జవాబును ప్రతి ఆదివారం సింకులో పారబోశాను. ఆ రెండు నెలల లెక్క పనికిరాలేదు, మళ్లీ మొదలుపెట్టాను.

రెండో విడతలో కనిపించిన ఒక దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మూరెడు పొడవున్న కొర్రమీను. కడుపులో సగం అరిగిన పరిగె ఒకటి, తల కరిగిపోయింది, నడుము నుంచి తోక దాకా ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టి బ్లేడుతో పొట్ట తెరిస్తే లోపల ఎర్రటి దారపు ఉండలా ఒక పురుగు. సూదితో కదిపితే విప్పుకొని కదిలింది. అదే కొర్రమీను కడుపు గోడ బయటివైపు అలాంటివే ఇంకా కొన్ని పలచని పొరలో చుట్టుకొని ఉన్నాయి. మింగబడిన చేప అరిగిపోతోంది, దాని లోపలి పురుగు మాత్రం ఇల్లు మారడానికి సిద్ధంగా ఉంది.

మీరు రాసిన లక్షణాలను బట్టి మీ కొర్రమీనులో ఉన్నది కూడా ఈ జాతిదే అయి ఉంటుంది: యూస్ట్రాంగిలైడిస్. దాని కథ కొంగతో మొదలవుతుంది. పెద్ద పురుగులు కొంగల వంటి చేపలు తినే పక్షుల జీర్ణాశయం గోడలో ఉంటాయి. గుడ్లు రెట్టతో నీళ్లలో పడి బురదలోకి దిగుతాయి. అక్కడ బురద తింటూ బతికే సన్నని ఎర్రటి పురుగులు, వానపాముకు దగ్గరి బంధువులు, ఆ గుడ్లను బురదతో పాటే మింగుతాయి. వాటిని చిన్న చేప తింటుంది, చిన్న చేపను కొర్రమీను తింటుంది. కొర్రమీను కడుపులో అది పెద్దదై గుడ్లు పెట్టదు, గోడ చీల్చుకొని బయటికి వచ్చి చుట్టుకొని కూర్చుంటుంది, ఏదైనా కొంగ వచ్చి ఈ చేపను మింగే దాకా. నెలల తరబడి బతికే ఈ పురుగులు ఒక్కొక్క భోజనంతో ఒక్కొక్కటిగా పోగవుతాయి. పెద్ద కొర్రమీనుల్లో ఎక్కువగా కనిపించేది అందుకే. మార్కెట్‌లో పెద్దమ్మ కూడా అదే చెప్పేది, "ముసలి కొర్రమీనే కదా ఊరంతా తిన్నది" అని.

మరి బొచ్చె? ఇక్కడ చాలామంది ఒక సులభమైన జవాబు చెబుతారు, బొచ్చె శాకాహారి కాబట్టి దానికి పురుగులు పట్టవని. అది తప్పు. బొచ్చె పైనీళ్లలో నోరు తెరుచుకొని తిరుగుతూ మొప్పల దగ్గరి జల్లెడతో సన్నని జీవులను వడకట్టి తింటుంది. ఆ జీవుల్లో సైక్లాప్స్ అనే చుక్కంత నీటి జీవులు ఉంటాయి, చేపల బద్దెపురుగుల్లో (టేప్‌వార్మ్‌లు), నులిపురుగుల్లో ఎన్నో జాతుల పిల్లలు సైక్లాప్స్‌లోనే పెరుగుతాయి. కాబట్టి బొచ్చెకు కూడా తలుపు తెరిచే ఉంది. అయినా మీ బొచ్చె శుభ్రంగా ఉందంటే కారణాలు మూడు అయి ఉండవచ్చు. బురద పురుగులను, చిన్న చేపలను అది తినదు, కాబట్టి మీ ఎర్ర పురుగుకు దానిలోకి దారి లేదు. పరాన్నజీవులు ఒంటిని ఎంచుకుంటాయి, కొర్రమీను పేగుల్లో హాయిగా బతికేది బొచ్చె పేగుల్లో జీర్ణమై పోవచ్చు. మూడోది, మీ చెరువులో చేపపిల్లలను వదిలి మేత వేస్తుంటే బొచ్చె తిండిలో సగం తవుడే అయి ఉంటుంది, తవుడులో సైక్లాప్స్ ఉండవు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే చేప వయసుతో పాటు మెను మారుస్తుంది. కొర్రమీను పిల్ల మొదట నీటిలోని సూక్ష్మజీవులను, తర్వాత పురుగులను, ఆ తర్వాతే చేపలను, కప్పలను తింటుంది. ఒకే జాతిలో పిల్లలో ఒక రకం పురుగులు, పెద్దదానిలో ఇంకో రకం కనిపిస్తాయి. దీనికి ప్రపంచమంతా తిరిగిన ఒక ఉదాహరణ ఉంది. ఆసియా చేప బద్దెపురుగు అని ఒకటి, తూర్పు ఆసియాది. దాన్ని ఖండాలు దాటించింది గడ్డిచేప (గ్రాస్ కార్ప్). కలుపు తినిపించడానికి దేశదేశాలు తెప్పించుకున్న చేప అది, మన దేశానికి 1959లో వచ్చింది. గడ్డి తినే చేప మాంసాహారం ద్వారా మాత్రమే సోకే బద్దెపురుగును ఎలా మోసింది? పిల్లగా ఉన్నప్పుడు అది గడ్డి తినదు, సైక్లాప్స్‌ను తింటుంది. ఆ వయసులో మింగిన పురుగుతోనే కొత్త దేశంలో దిగింది. అక్కడి చెరువుల్లో ఆ పురుగుకు ఎక్కువగా బలయ్యేది కూడా వేలెడంత కార్పు పిల్లలే, వాటి సన్నని పేగు పూర్తిగా మూసుకుపోతుంది.

అడుగున బతికే మార్పు, ఇంగిలాయి అనే రెండు చేపల సంగతి రెండు మాటల్లో. బురదను కెలికి తినే మార్పు చేప పేగుల్లో, ఒళ్లు కణుపులుగా విడిపోని ఒక రకం బద్దెపురుగులు దొరికేవి, వాటి పిల్లలు కూడా బురద పురుగుల్లోనే ఉంటాయి. ఇంగిలాయి కడుపు తెరిస్తే లోపలి గోడను పట్టుకొని రక్తం తాగే ప్రోకమల్లానస్ అనే ఎర్ర పురుగులు వేలాడుతూ ఉండేవి, అవి సైక్లాప్స్ దారిలో వచ్చినవి. రెండు నెలల తర్వాత నాకు కవరు మీద చీటీ చూడకుండానే, పురుగులను చూసి చేప పేరు చెప్పడం వచ్చేసింది. తప్పుగా చెప్పిన రోజులూ ఉన్నాయి.

తినే వేగం కూడా ముఖ్యమే. దీన్ని అందంగా చూపించింది చేప కాదు, డాఫ్నియా అనే ఆవగింజంత నీటి జీవి. చెరువు నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తితే గెంతుతూ కనిపించేవి అవే, అక్వేరియం దుకాణాల్లో చేపపిల్లల మేతగా అమ్ముతారు కూడా. అది నీటిని నిరంతరం వడకట్టి నాచు కణాలు తింటుంది, నాచుతో పాటు సూదుల్లాంటి ఒక శిలీంధ్రం బీజాలనూ మింగుతుంది. ఆ సూదులు పేగు గోడను గుచ్చుకొని లోపలికి పోయి పెరుగుతాయి, డాఫ్నియా చచ్చి విచ్చుకున్నప్పుడు నీళ్లలో కలుస్తాయి. దాని ఒళ్లు పారదర్శకం కాబట్టి 1884లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో రక్తకణాలు ఆ సూదులను చుట్టుముట్టి మింగడం కళ్లారా చూశాడు. రోగనిరోధక శక్తి గురించి ఆయన వాదనకు అదొక ఆధారం. ఎక్కువ నీటిని వడకట్టే డాఫ్నియా ఎక్కువ బీజాలను మింగుతుంది, నీళ్లు వెచ్చబడితే తిండి వేగం పెరిగి ప్రమాదమూ పెరుగుతుంది. బాగా తిన్న డాఫ్నియాలో శిలీంధ్రమూ బాగా పెరుగుతుంది, అర్ధాకలి ఒంట్లో దానికీ అర్ధాకలే. ఇంకో తమాషా ఏమిటంటే జబ్బు పడిన డాఫ్నియా తెల్లగా మసకబారుతుంది, అప్పుడు చేప కంటికి తేలిగ్గా దొరుకుతుంది. చేపలు వాటినే ఏరి తినడం వల్ల అమెరికా సరస్సుల్లో ఈ జబ్బు విజృంభించకుండా ఆగడం పరిశోధకులు గమనించారు.

పైన అతుక్కొనే వాటి గురించి చెబుతానన్నాను. కైకలూరు వైపు మా మేనమామకు చేపల చెరువు ఉంది. అక్కడ మేత చల్లరు. తవుడు, నూనెగింజల చెక్క కలిపి అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన వెదురు గడలకు వేలాడదీస్తారు. మధ్యాహ్నానికి సంచి చుట్టూ శీలావతులు గుమిగూడి మూతులతో పొడుస్తూ ఉంటాయి. ఒక వేసవిలో చేపలు గడలకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. పట్టి చూస్తే రెక్కల మొదళ్లలో నాణెం ఆకారంలో, పచ్చటి అద్దంలా చేపపేను. అది తిండిలో రాదు, ఈదుకుంటూ వచ్చి అతుక్కుంటుంది. కానీ అది గుడ్లు పెట్టడానికి చేపను వదిలి నీళ్లలోని గట్టి వస్తువులను వెతుకుతుంది, రాళ్లు, కొయ్యలు, గడలు. మామయ్య గడలలో ఒకటి పీకి చూపిస్తే వరుసగా అంటించినట్టు గుడ్ల చారలు కనిపించాయి. భోజనాల బల్లే పేను పురిటిల్లు అయిందన్నమాట. మందు సంగతి అలా ఉంచితే, ఆయన గడలన్నీ మార్చి పాతవి ఎండలో పడేశారు, అప్పటి నుంచి గడలను వంతులవారీగా ఎండబెట్టడం అలవాటు చేసుకున్నారు.

తిండి అలవాటుతో మనుషులకు వచ్చిన నీటి జబ్బు ఒకటి మన దగ్గరే ఉండేది. మా తాతయ్య చీలమండ మీద ముడతలు పడిన మచ్చ ఉండేది, చిన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి చూసేవాళ్లం. నారికురుపు. దిగుడు బావిలో నీళ్లు తాగినప్పుడు సైక్లాప్స్‌తో పాటు లోపలికి వెళ్లిన పురుగు ఏడాది తర్వాత దాదాపు గజం పొడవై కాలు చీల్చుకొని బయటికి వస్తుంది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారట, తెగితే మరీ బాధ. బావిలో మెట్లు దిగి ఆ కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలను వదులుతుంది, వాటిని సైక్లాప్స్ తింటాయి. గుడ్డతో వడకట్టి తాగించడం, మెట్ల బావులను మార్చడం వంటి పనులతో మన దేశంలో 1996లో చివరి కేసు నమోదైంది, 2000లో దేశం దాని నుంచి విముక్తమైందని ధ్రువీకరణ వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అదే పురుగు ఆఫ్రికాలోని చాద్‌లో వేరే దారి పట్టింది. 2012 నుంచి అక్కడ కుక్కల్లో కనిపించడం మొదలై కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి వెయ్యి కేసులు దాటింది, మనుషుల్లో మాత్రం పదుల్లోనే. కుక్క నాలుకతో నీళ్లు తాగే పద్ధతిలో సైక్లాప్స్ అంతగా నోట్లోకి రావు, నది ఒడ్డున పారేసిన చేప పేగులు, పచ్చి చేపలు, కప్పలు తినడం వల్లే సోకుతోందని ప్రధాన అనుమానం. అందుకే అక్కడి ఊళ్లలో చేప పేగులను పూడ్చిపెట్టమని, కుక్కలను కట్టేయమని చెబుతున్నారు.

ఇక మీ వంటింటికి వస్తాను. మన చేపల పులుసు ఈ విషయంలో చాలా మంచి వంట, ముక్క ఎముక దాకా ఉడుకుతుంది, ఉడికిన పురుగు ఏమీ చేయదు. నిమ్మరసంలో, ఉప్పుకారంలో నానబెట్టడం మాత్రం ఉడకబెట్టడంతో సమానం కాదు, పురుగులు అందులో బతికే ఉండవచ్చు. పచ్చి మంచినీటి చేప తినే అలవాటు ఉన్న ఈశాన్య థాయిలాండ్‌లో కాలేయపు పత్రపురుగు, దాని వల్ల పిత్తనాళ క్యాన్సర్ పెద్ద సమస్య. మీ ఎర్రపురుగు విషయానికే వస్తే, 1982లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఎర వేయడానికి తెచ్చిన బతికున్న చిన్న చేపలను మింగిన వాళ్లకు అదే జాతి పురుగు పేగును తొలిచి ఆపరేషన్ దాకా వెళ్లింది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఆస్తమా కోసం బతికున్న కొర్రమీను పిల్లను మింగించే ఆచారం గురించి మీలో ఎవరో అడుగుతారని తెలుసు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్లను. పేగులు కడిగిన అనుభవంతో చెప్పేది ఒక్కటే, బతికున్న మంచినీటి చేపను మింగమని మా ఇంట్లో ఎవరికీ చెప్పను.

కోసిన పేగులను పిల్లికో, వాకిట్లో కుక్కకో వేయకండి, చెరువులోకి అసలు విసరకండి. మార్కెట్‌లో పెద్దమ్మ వాటిని గోతిలో వేసి పైన సున్నం చల్లేది, వాసన కోసం అనేది. కత్తి, పీట వేడి నీళ్లతో కడగండి. ఈసారి కొర్రమీను దొరికినప్పుడు కడుపును కుళాయి కింద పెట్టకముందు ఒక తెల్ల పళ్లెంలో తెరిచి, లోపల పరిగె ఉందా, రొయ్య ఉందా, కప్ప ఉందా చూసి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. పురుగు ఫొటో ఒక్కటే పెడితే నేను అడిగే మొదటి ప్రశ్న మా మేడమ్ అడిగినదే అవుతుంది.